ఆరో నెల తాత

"ఈ తాతకి ఆరో నెలట అక్కా," అన్నాడు అపిసాయి.

లోసలిని కుర్చీ జరుపుకుని అతని తెర వైపు చూసింది.

రాజధాని సువాలోని ఆ ఆఫీసు చుట్టుపక్కల దీవులన్నిటికీ సోషల్ మీడియా పేజీ ద్వారా ఆరోగ్య సమాచారం పంపుతుంది. ఆ పేజీలో తట్టు టీకా గురించి పెట్టిన పోస్టు కింద ఒక కామెంటు ఉంది.

"నాకు ఆరో నెల. టీకా వేయించుకోవచ్చా?"

పక్కన ఫొటోలో తెల్ల మీసాల మనిషి. పేరు ఇలియేసా. ఊరు వునిలాగి, చాలా దూరపు దీవి.

"మొన్న ఇతనే పదేళ్ల పిల్ల. 'సూది ఎంత పొడుగుంటుంది, నాకు భయం' అని అడిగాడు. నిన్న పాస్టరుగారి భార్య."

"రేపు పాస్టరే అయిపోతాడు," అంది లోసలిని.

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నెలలోనే పక్క దేశంలో తట్టు చెలరేగింది. దాని వెంటే అబద్ధపు కబుర్లూ బయల్దేరాయి. దీవుల అధికారులంతా కూర్చుని కొత్త నియమం పెట్టుకున్నారు. దొంగ ఖాతా కనబడితే ఆ రోజే మూసెయ్యాలి.

నియమం మంచిదే. లోసలిని దాన్ని నమ్మింది.

ఇలియేసా ఖాతాను బ్లాక్ చేసింది. ఇక అతనికి ఆ పేజీ కనబడదు.

పన్నెండో రోజు ఒక ముసలాయన కౌంటరు దగ్గరికి వచ్చాడు. శుభ్రంగా ఉతికిన సులు లుంగీలా చుట్టుకున్నాడు. ఒక చేతిలో కొబ్బరాకు బుట్ట, దాన్నిండా దాలో దుంపలు. ఇంకో చేతిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోను.

ఆయన ఇంకా పడవలోనే ఉన్నట్టు తూలుతుంటే, వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి వేశాడు.

"నన్ను మూసేశారమ్మా. కాస్త తెరవండి."

లోసలిని ఆ మీసాలు గుర్తుపట్టింది.

"ఆరో నెల నీకేనా తాతా?"

"ఇప్పుడు ఏడోదమ్మా," అన్నాడాయన, నవ్వకుండా.

వెనక అపిసాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ పేజీ ఆటలకి కాదు తాతా. పిల్లల ప్రాణాల సంగతి."

"అందుకేనమ్మా రెండు రోజులు సముద్రం మీద వచ్చాను. నేను చెప్పేదేంటంటే..."

"ఏం చెప్పినా ఇందులో రాయి. పది రోజుల్లో చూస్తాం."

ఆయన దరఖాస్తు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"పేరు రాసే చోటు చాలదమ్మా. ఇంకో కాగితం ఉందా?"

"ఎంత పొడుగు పేరు తాతా నీది?" అంటూనే అపిసాయి నాలుగు తెల్ల కాగితాలు అందించాడు.

ముసలాయన ఒక మూల కూర్చుని చాలాసేపు రాశాడు. వాచ్‌మన్ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

కాగితాలు ఇస్తూ అడిగాడు: "టీకాల పడవ మా దీవికి ఎప్పుడొస్తుందమ్మా?"

"తేదీ ఇంకా ఖాయం కాలేదు. పేజీలో పెడతాం, చూసుకో."

ఆయన చేతిలోని ఫోను వంక చూశాడు.

"ఆ లోపు తెరుస్తారుగా?"

"పది రోజులన్నానుగా తాతా."

ఆయన దుంపల బుట్ట కౌంటరు మీద పెట్టాడు. "మీకేనమ్మా. మా కొండవి." వాటి నుంచి రాలిన మట్టిని అరచేత్తో తుడిచి, ఆ మట్టిని తనతోనే పట్టుకెళ్ళాడు.

కాగితాలు ట్రేలోకి వెళ్ళాయి. వాటి మీద వేరే కాగితాలు పడ్డాయి.

ఆయన వెళ్ళిన ఆరో రోజు పేజీలో తేదీ పెట్టారు. తొమ్మిదో రోజు పడవ వునిలాగి చేరింది.

రేవులో ఇద్దరు ముసలమ్మలు వలలు బాగుచేసుకుంటున్నారు. ఊరు ఊరంతా దీవికి అవతలి వైపు చేపలకి పోయింది. ఐసు పెట్టెలో మందు ఎంతోసేపు ఆగదు. నర్సు రెండు గంటలు చూసి, "జనానికి ఆసక్తి లేదు" అని రాసుకుని తర్వాతి దీవికి వెళ్ళిపోయింది.

ఐదు వారాలకు తట్టు కూడా పడవెక్కి అక్కడికి వచ్చింది.

నర్సు మళ్ళీ ఆ దీవికి వెళ్ళి వచ్చి లోసలినికి ఫోను చేసింది.

"ముప్ఫై మంది పిల్లలకు వచ్చిందమ్మా. చాలామంది కోలుకుంటున్నారు. ఒక పిల్ల పోయింది."

"ఎంత వయసు?"

"పదేళ్లు. మెరెయా."

"కిందటేడు టైఫాయిడ్ టీకాకి ఆ ఊరు మొత్తం వచ్చింది కదా. ఇప్పుడేమైంది?"

"అప్పుడు వాళ్ళకి ముందే తెలిసింది. ఈసారి ఎవరూ చెప్పలేదంటున్నారు."

లోసలిని ఫోను పెట్టేసి, ట్రే అడుగు నుంచి ఆ కాగితాలు తీసింది.

పేరు అన్న గడి కింద రెండు వందల పన్నెండు పేర్లు ఉన్నాయి. ఇంటింటి వరుసలో. కొన్ని పేర్ల పక్కన ఒక్కో ప్రశ్న. ఏడో ఇంటి దగ్గర ఆమె వేలు ఆగింది.

"మెరెయా. సూది ఎంత పొడుగో చెబితే వేయించుకుంటానంది."

కారణం అన్న చోట ఇలా ఉంది: "తుఫానులో ఊరి రేడియో పోయింది. మిగిలింది ఈ ఒక్క ఫోను. కొండ ఎక్కితేనే అందుతుంది. నా మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి."

వృత్తి అన్న చోట: "ఊరి తరఫున పలికేవాణ్ణి."

లోసలిని అమ్మమ్మ ఊళ్ళోనూ అలాంటి పెద్దాయన ఉండేవాడు. ఎవరి తరఫున లేచినా "నేను" అనే పలికేవాడు. తన మాట ఒక్కటి కూడా కలిపేవాడు కాదు.

ఆమె ఖాతా తెరిచింది. క్షమించమని రాయబోయి, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, ఆ తెల్ల మీసాల ఫొటో పక్కన ఒక కామెంటు వచ్చింది.

"నేను మెరెయా అమ్మను. మిగతా పిల్లల కోసం పడవ ఎప్పుడొస్తుంది?"