మూడు జానల కుట్టు

"మీ ఆయన్ని పట్టుకున్నారు" అన్నాడు ఓనరు, వలల షెడ్డు గుమ్మంలోనే నిలబడి.

సూదమ్మ చేతిలో సూది ఆగిపోయింది. వలలు కుట్టీ కుట్టీ ఆమె అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తు లేదు, అంతా సూదమ్మ అనే పిలుస్తారు. ఆమె మొగుడు ఈ ఓనరు పడవకే సరంగు. పడవ నడిపేదీ, వల ఎక్కడ వేయాలో ఎప్పుడు లాగాలో చెప్పేదీ అతనే.

రేవు ఆఫీసు నుంచి ఇప్పుడే ఫోనొచ్చిందట. నడిసముద్రంలో తనిఖీ బోటు అడ్డం వచ్చిందట. వల నీళ్లలో ఉండగానే పడవను ఆపి, పైకి లాగించారట. చుట్టుపక్కల దొరికిన పడవలన్నిటినీ వెంటబెట్టుకుని వస్తున్నారట, గంటలో రేవులో ఉంటారట. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి ఓనరు మొహం తుడుచుకున్నాడు.

"వల నీళ్లలో ఉండగానా?" అంది సూదమ్మ.

ప్రతి వలకూ చివర్లో ఒక ఇనుప చట్రం ఉండాలని రూలు. రొయ్యలు చువ్వల సందుల్లోంచి జారి వెనక సంచిలో పడతాయి. తాబేలో, డాల్ఫిన్ పిల్లో వలలోకి వస్తే చువ్వలకు తగిలి, పైనున్న మూడు జానల కన్నంలోంచి బయటపడుతుంది. కన్నం లేకపోతే ఊపిరాడక వలలోనే చస్తుంది. తాబేలు దూరే కన్నంలో రొయ్య దూరదా అని ఓనరు వాదన. అందుకని పడవ బయలుదేరే ముందు సూదమ్మ ఆ కన్నాన్ని కుట్టేయాలి. తిరిగి వచ్చేటప్పుడు రేవు కనబడగానే సరంగు ఆ కుట్టు కోసేయాలి. రేవులో ఎవరొచ్చి చూసినా కన్నం కన్నంలాగే ఉంటుంది.

ఈ సీజనంతా అలాగే గడిచింది. ఆమె కుట్టాక ఓనరు స్వయంగా వేళ్లు పెట్టి లాగి చూసేవాడు. నీ కుట్టుకు తిరుగులేదని మెచ్చుకునేవాడు కూడా. ఆ మెప్పు ఆమె ఒంటికి ఏనాడూ పట్టలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు కనబడిన రోజు ఆమెకు ముద్ద దిగేది కాదు. అలాగని సూది పక్కన పెట్టిందా అంటే అదీ లేదు. చేసేది తనే, బాధపడేదీ తనే.

ఇప్పుడు కుట్టుతో సహా దొరికిపోతే ఓనరు పడవ పోతుంది, సరంగు లైసెన్సు పోతుంది. ఇక జన్మలో అతన్ని ఎవరూ పడవ ఎక్కనివ్వరు. సముద్రం తప్ప ఇంకో పని చేతగాని మనిషి.

ఓనరు జేబులోంచి మడత కాగితం తీశాడు. వల చిరిగిందనుకుని పొరపాటున తనే కుట్టేసిందనీ, ఓనరుకు గానీ సరంగుకు గానీ ఆ సంగతి తెలియదనీ అందులో రాసి ఉంది. ఫోను పెట్టేసిన పది నిమిషాల్లో ఇంత బాగా ఎలా రాయగలిగాడా అనుకుంది సూదమ్మ.

"సంతకం పెట్టు సూదమ్మా. నీకేం, ఆడమనిషివి. మందలించి వదిలేస్తారు."

వదిలేయరని ఆమెకు తెలుసు. రేవు గేటు దాటనివ్వరు. ఇరవై రెండేళ్లుగా కూర్చున్న ఈ పీట మీద రేపు ఇంకెవరో కూర్చుంటారు. వాదించే ఓపిక మాత్రం లేదు. ఒంట్లో ఓపికంతా ఆ వలల్లోకే పోయింది.

"మా ఆయన జోలికి రారుగా?" అని అడిగింది.

రారన్నాడు. పెట్టేసింది.

పట్టుబడిన పడవలు ఆరూ వరసగా వచ్చి జెట్టీకి ఆనుకున్నాయి. వాటి ఓనర్లందరూ అక్కడే ఉన్నారు. కన్నం కుట్టించండి, నా వేట చూసైనా నేర్చుకోండి అని వాళ్లకు ఊదరగొట్టింది మన ఓనరే. తనిఖీ అధికారి ఒక్కో పడవ దగ్గర ఆగి, కాగితాలు లాక్కుని, సంచిలో వేసుకుంటూ వస్తున్నాడు. మన ఓనరు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు.

అధికారి ఇంకా దగ్గరికి రాకముందే అతను ఎదురెళ్లాడు. "సార్, నాకేమీ తెలీదు సార్" అంటూ సూదమ్మ సంతకం పెట్టిన కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"తెలియకపోవడమేంటి? ఆరింటిలో మీదొక్కటే సరిగ్గా ఉంది. కన్నం తెరిచే ఉంది" అని అలసిపోయిన గొంతుతో చెప్పి, అధికారి ముందుకు సాగిపోయాడు.

ఓనరు చెయ్యి జేబులోనే ఉండిపోయింది. అధికారి అటు వెళ్లగానే సరంగు భుజం తట్టాడు. సమయానికి భలే కోసేశావన్నాడు. ఒక వారం ఊరుకుని, మళ్లీ ఎప్పటిలాగే గట్టిగా కుట్టమని సూదమ్మకు చెప్పాడు. కన్నం మూసినప్పటినుంచి మన పడవకు పడినన్ని రొయ్యలు ఈ రేవులో ఎవరికి పడ్డాయని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా కాగితం చింపుకుంటూ వెళ్లిపోయాడు.

సరంగు వలకుప్ప మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు. చెంబు అందించి, సూదమ్మ పక్కనే కూర్చుంది. ఆమె వేళ్లకు మొన్నటి కుట్టు తాలూకు గాట్లు ఇంకా మానలేదు.

"ఏమయ్యా, నీళ్లలో ఉన్న వలకు కుట్టెలా కోశావు?"

అతను చెంబెడు నీళ్లూ తాగాడు. ఈ చట్రాలు రాకముందు చచ్చిన తాబేళ్లను నలుగురు పట్టి సముద్రంలోకి తోసేవాళ్లమనీ, మళ్లీ ఆ పని తన వల్ల కాదనీ అన్నాడు. తర్వాత ఆమె వేళ్ల వంక చూసి తల దించుకున్నాడు.

"రేవు దాటగానే కోసేస్తున్నా, నువ్వు కుట్టిన మొదటి రోజు నుంచీ."