వెన్నెముక లేని జవాబులు

"స్పంజికకి మెదడుందండీ," అన్నాడు శిష్యుడు. "గుమ్మడికాయంత!"

జంతుశాస్త్రం మాస్టారు పలకలేదు.

ఒళ్లంతా చిల్లులున్న జీవికి అంత మెదడుంటే కారిపోదూ? మామూలుగానైతే ఈపాటికి గది దద్దరిల్లాలి.

మాస్టారు కళ్లు మూసుకునే ఉన్నారు. నోటిపరీక్షల్లో ఆయనెప్పుడూ అంతే. జవాబు ఒప్పయితే కునుకు తీస్తున్నారేమో అనిపిస్తుంది. తప్పు దొర్లిందా, కుడిచేతి చూపుడువేలు లేస్తుంది. వేలి వెనకే గొంతు లేస్తుంది. గొంతు వెనకే శిష్యుడి పరువు లేచిపోతుంది.

ఇవాళ ఆ వేలు లేవాలి. పరువు పోతే పోనీ.

మాస్టారు తనతో మాట్లాడి పదిహేను రోజులైంది. సముద్ర నక్షత్రానికి తల ఉందా, లేదా అని ఫోనులో వాదన. ఆ దిక్కుమాలిన తల కోసం ఇద్దరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. శిష్యుడు గొంతు పెంచాడు. మాస్టారు మాట మధ్యలోనే ఆపేశారు. అప్పట్నుంచి ఎవరితోనూ మాటల్లేవు. కట్టుకున్న భార్యతో కూడా.

"ఇంకోటి చెప్పు బాబూ," అందావిడ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "తప్పు చెవిన పడితే ఈయన భోజనం మధ్యలోనైనా లేచొస్తారు."

శిష్యుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"జెల్లీ చేపకి గుండెలు మూడు. ఎముకలు రెండొందల ఆరు."

శిష్యుడు ఓ కన్ను ఆ వేలిమీదే ఉంచాడు.

"హైడ్రాకి ముందొక దారి, వెనకొక దారి. తినేది ఇటు, పంపేది అటు. చాలా శుభ్రమైన మనిషండీ!"

గోడవారనున్న తెల్లకోటాయన పెదవులు కదిలాయి. నవ్వాపుకుంటున్నాడు కాబోలు. మాస్టారు మాత్రం కదల్లేదు.

"ఒక్కసారి వేలెత్తి చూపండీ," బతిమాలింది భార్య. "నలభై ఏళ్లు నా వంటకి వేలెత్తి చూపారే, వీడి జవాబుకి చూపలేరా? పిల్లాడు, ఏదో నోరు జారాడు. మనసులో పెట్టుకోకండి."

పిల్లాడు తల దించుకున్నాడు.

"మీరే గెలిచారు మాస్టారూ. దానికి తల లేదు. నాకసలే లేదు."



తెల్లకోటాయన గడియారం చూసుకున్నాడు. "పదకొండింటి వరకే అనుకున్నాం కదమ్మా."

"ఒక్కటండీ. ఆఖరిది." శిష్యుడు మాస్టారి చెవి దగ్గరికి వంగాడు. దాచిపెట్టుకున్న బ్రహ్మాస్త్రం అది. ఆ జవాబుకి తరగతిలో ఏటా ఎవడో ఒకడు బలి. "పాము కాదురా, పామరుడా!" అని మాస్టారు బల్ల గుద్దాల్సిందే, బల్లమీది సీసాల్లో పురుగులు కూడా ఉలిక్కిపడాల్సిందే.

"వానపాము పామేనండీ. వెన్నెముక ఉంది. పడగ కూడా ఉంది. బుసకొడుతుంది."

ముగ్గురూ ఆ వేలికేసే చూశారు.

"కాటేస్తుంది మాస్టారూ… మనిషి చచ్చిపోతాడు…"

వేలు లేవలేదు.

ఇరవయ్యేళ్లుగా ఇదే పాఠాన్ని ఒక్క తప్పూ లేకుండా కాలేజీలో చెబుతున్న శిష్యుడు మంచం పక్కనుంచి లేవగానే, తెల్లకోటు డాక్టరు మాస్టారి శ్వాసయంత్రాన్ని ఆపేశాడు.