ఒక ఎంఎం తీగ

మోసూల్‌లో ఆ వీధికంతా జనరేటర్ కరెంటు ఇచ్చేది ధన్నూనే. అర్ధరాత్రి దాటాక మిషను ఆపి, ఇళ్లకు వెళ్లే తీగలను ఒక్కొక్కటిగా పిడికిట పట్టి చూడటం అతని అలవాటు. తీగ కాలుతోందంటే మోయలేనంత మోస్తోందన్నమాట.

ఆ రాత్రి మిషను ఆగి గంటైంది. వీధిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. తీగలన్నీ చల్లబడ్డాయి. ఒక్కటి మాత్రం చెయ్యి కాలేంత వేడిగా ఉంది. అది ఉమ్ యూనుస్ ఇంటి తీగ. రెండు కొసలూ తనే కోసేసిన తీగ.

పోయిన వేసవిలో, హజ్ యాత్ర చేసొచ్చిన ఆ ముసలమ్మ ఏసీ పెట్టించుకుంది. "నాయనా, కాస్త లావు తీగ వెయ్యరాదూ" అని అడిగింది.

"ఇదే చాల్లే హజ్జియా! నువ్వేమన్నా ఫ్యాక్టరీ నడుపుతావా?" అని నవ్వేశాడు.

ఆ ఎండలో, అన్ని తీగల మధ్య ఇరుక్కుని, ఆ ఒక ఎంఎం సన్న తీగ సగం కరెంటే మోయగలదని అతనికి తెలుసు. మూడో రాత్రి ఆ ఇల్లు తగలబడింది. ఆమె నిద్ర లేవలేదు.

ఇప్పుడు కాలుతున్న ఆ తీగను వదిలి ధన్నూన్ పారిపోలేదు. నాలుగు ఎంఎం లావు తీగ చుట్ట భుజాన వేసుకుని, నిచ్చెనెక్కి, మసిబారిన ఆ గోడ దాకా కొత్త తీగ లాగి బిగించాడు.

"ఆలస్యమైంది హజ్జియా, ఏమీ అనుకోకు."

ఆ కొత్త తీగ పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది.

జనరేటర్ ఇంకా ఆగే ఉంది. కాలి కరిగిపోయిన ఏసీ గొట్టం నుంచి చల్లటి నీటిచుక్క ఒకటి అతని చేతి మీద పడింది.