ముందు వరస దగ్గు

"మీ అందరికీ ఒకటే మాట చెబుతున్నా..." అంది ఆమె, స్టేజీ మధ్యలో నిలబడి.

ముందు వరసలోంచి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు.

"ఎవరయ్యా అది? రిహార్సల్ జరుగుతోంది, కనపడటం లేదా?" డైరెక్టరు గయ్యిమన్నాడు.

"తప్పయింది బాబూ," అన్నాడొక పెద్దాయన, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

అందరూ అటు తిరిగారు. డైరెక్టరు ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టి, "ఈ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది!" అని ముగించింది.

ముగించిందన్న మాటే గానీ, ఒళ్ళు మండిపోతోంది.

ఆమెకు స్టేజీ కొత్త. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, పగలంతా మందుల షాపులో నిలబడి, సాయంత్రం ఈ హాలుకొచ్చి తల్లి వేషం నేర్చుకుంటోంది. చిన్నప్పటి కోరిక. నోరు తెరిచి చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది.

చెప్పిన రోజు ఇంట్లో ఒకటే నవ్వు.

"చీటీ మీద మందు పేరు చదవడానికే కళ్ళజోడు వెతుక్కుంటావు. నీకు డైలాగులొకటా?" అన్నాడు భర్త.

"మేమూ వస్తాం వదినా. నువ్వు బిక్కచచ్చి నిలబడితే చూడాలిగా!" అంది ఆడపడుచు.

వాళ్ళను పల్లెత్తు మాట అనలేకపోయింది. ఆ ఉడుకంతా ఎవరో ఒకరి మీద పడాలి కదా, ఈ పెద్దాయన దొరికాడు.

డైరెక్టరు సంగతి చూస్తే ఇంకా భయం. మాట మర్చిపోయిందని ఒకమ్మాయిని అప్పటికే పంపించేశాడు. "మతిమరుపువాళ్ళకి నా నాటకంలో చోటు లేదు" అని అందరి ముందే అన్నాడు.

ఇవన్నీ చాలవన్నట్టు ఈ దగ్గొకటి. ఎవరో, ఎక్కడివాడో తెలియదు. తలుపు తీసి ఉంటే వచ్చి కూర్చుంటాడు. అందరూ 'దగ్గు తాత' అని పేరు పెట్టేశారు. పాతవాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ బుద్ధిగానే ఉంటాడు. ఆమె నోరు తెరిస్తే చాలు, మొదలు.

ఒకరోజు షాపు నుంచి దగ్గు మందు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇచ్చిందనడం కన్నా విసిరిందనడం నయం.

"పూటకి రెండు చెంచాలు. తాగండి. లేదంటే ఇటు రావడం మానండి."

"ఇబ్బంది పెడుతున్నానా అమ్మా?"

"ఇబ్బందా? మీ దగ్గు వల్లే నేను మాట మర్చిపోతున్నాను! ఇన్నేళ్ళకు ఒక్క అవకాశం వస్తే, దాన్ని కాస్తా మీరు నాశనం చేస్తున్నారు!"

ఆయన సీసా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మళ్ళీ దగ్గాడు. సరిగ్గా అదే చోట.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నాటకం రోజు గేటు మనిషిని పిలిచి గట్టిగా చెప్పింది. "రోజూ ముందు వరసలో కూర్చుని దగ్గుతాడే, ఆ ముసలాయన వస్తే లోపలికి రానివ్వకు. నా పరువు తీస్తాడు."

"సరే మేడమ్."

తెర లేచింది. మూడో వరసలో భర్త, ఆడపడుచు. ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీ. హమ్మయ్య అనుకుంది.

"మీ అందరికీ ఒకటే మాట చెబుతున్నా..."

తర్వాత మాట రాలేదు.

అందరి కళ్ళూ ఆమె నోటి మీదే. మూడో వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో చూడక్కర్లేదు. కాళ్ళు తెర వెనక్కి లాగుతున్నాయి. ఇప్పుడు దిగితే ఈ జన్మలో మళ్ళీ ఎక్కడం ఉండదని ఆమెకు తెలుసు.

దిగకుండా ఎదురుచూసింది. దేనికోసం ఎదురుచూస్తోందో తెలిసేసరికి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. రోజూ ముందొచ్చింది మరుపు. దగ్గు ఆ తర్వాతే వచ్చింది. అందరూ అటు తిరిగేలోగా మాట గుర్తొచ్చేది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది. అచ్చం ఆయనలాగే.

తల్లికి ఏడుపు గొంతుకు అడ్డం పడిందనుకున్నారు జనం. ఆ కాస్త సందు చాలింది.

"ఈ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది!"

అందులో నటన ఏమీ లేదు, ఉన్నదంతా కోపమే. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆడపడుచు కూడా కొట్టక తప్పలేదు.

ఆట అయిపోగానే, ముఖానికున్న రంగు కూడా కడుక్కోకుండా గేటు దగ్గరికి పరిగెత్తింది.

"వచ్చారా ఆయన?"

"వచ్చారు మేడమ్. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు. మీరొద్దన్నారని చెప్పాను. ఇది మీకిమ్మన్నారు. ఇక రానన్నారు."

మందు సీసా. మూతకున్న సీలు కూడా విప్పలేదు.

"ఇల్లెక్కడో చెప్పారా?"

"లేదు మేడమ్."

"రోజంతా దగ్గేవాళ్ళ మధ్యే బతుకుతాను. నిజం దగ్గేదో, తెచ్చిపెట్టుకున్న దగ్గేదో పోల్చుకోలేకపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది!"

నాటకం రోజు మాత్రమే వచ్చే లైట్ల మనిషి పక్కనే వైర్లు చుట్టుకుంటున్నాడు. ఆ హాల్లో అందరికన్నా పాతవాడు. చుట్టడం ఆపి ఆమె వైపు కోపంగా చూశాడు.

"ఆయన్నా పంపించేశావు? కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆ కుర్చీలోనే కూర్చుంటాడమ్మా ఆయన."

"ఎవరు ఆయన?"

"కుర్రతనంలో ఇదే స్టేజీ మీద, మొదటి నాటకంలోనే మాట మర్చిపోయి, హాలంతా నవ్వుతుంటే దిగిపోయి, మళ్ళీ ఎక్కని మనిషి."