బండ మీది గొంతు

"మీ బావ దగ్గర ఇంకో ఫోనుందే, లిఖితా!"

మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని, పొగకు కళ్లు తుడుచుకుంటున్న లిఖిత తలెత్తి అక్క పద్మప్రియ వైపు చూసింది.

"ఇంకోటేందక్కా? బావ ఫోను డబ్బాలో ఉందిగా."

ఉంది. పినపాక దాటి అడవిలోకి అడుగుపెట్టే ముందే ముగ్గురి ఫోన్లూ స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టింది లిఖితే. గుట్ట మీద రెండు రోజులు సరదాగా గడపాలన్నది ఏర్పాటు. గుడారం లేదు, గ్యాసు లేదు, చెట్ల మధ్య కట్టిన టార్పాలిన్ కింద పడక, వాగు నీళ్లతో వంట. ఫోను ముట్టుకోకూడదు. అందరికంటే ముందు ఫోను తీసి ఇచ్చినవాడు పద్మప్రియ మొగుడు వెంకటకృష్ణే. అంతటితో ఆగలేదు. "ఈ రెండు రోజులు పామాయిలు తోట మాటెత్తితే నీ మీద ఒట్టు" అని పెళ్లాం నెత్తిన చెయ్యి కూడా పెట్టాడు. సత్తుపల్లిలో ఆ తోట తప్ప వేరే లోకం తెలియని మనిషి అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే తనకు అనుమానం రావాల్సిందని పద్మప్రియకు ఇప్పుడు తోస్తోంది.

"నా కళ్లతో చూసిన. బటన్ల ఫోను, చిన్నది. లుంగీ మడతలో దోపుకున్నడు. పుల్లలేరుకొస్తానని పోయి ఆ పెద్ద బండెక్కిండు. నేను ఎనకమాల చెట్టు చాటునే ఉన్న. మాటలు తెలియలే గానీ, ఫోన్లో ఆడగొంతే!"

"బావ ఏం మాట్లాడిండు?"

"అదేనే నా ఏడుపు. ఒక్క ముక్క మాట్లాడలా. విన్నడు!"

పద్మప్రియ చేతిలో పుల్లను పుటుక్కున విరిచి పొయ్యిలోకి విసిరింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తన మాట చివరిదాకా విన్న పాపాన పోలేదు. తను మొదలుపెట్టేసరికి "ఊఁ" అంటూ చెప్పులేసుకుంటాడు. అలాంటిది ఎవతో మాట్లాడుతుంటే కదలకుండా మెదలకుండా వింటాడా? మధ్యలో అడ్డు కూడా చెప్పడా? ఎంత ఇష్టముంటే మగాడు అంత ఓపిగ్గా వింటాడు!

వెంకటకృష్ణ రెండు పుల్లలు పట్టుకుని బండ దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఈ రెండు పుల్లలకి ఇంతసేపా?" అంది పద్మప్రియ.

"ఎండువి దొరకొద్దూ? పెట్టు పెట్టు, ఆకలి దంచేస్తంది."

మాడిన అన్నం, ఉప్పు ఎక్కువైన టమాటా కూర. అమృతంలా లాగించాడు. ఆ హుషారు ఎవరి పుణ్యమో తెలిసి పద్మప్రియకు ముద్ద దిగలేదు.

పొద్దు వాలుతుంటే వాగు దాకా వెళ్లొస్తానని లేచాడు. వాగు కింద ఉంది, ఆయన పైకి ఎక్కాడు. వచ్చేటప్పుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఆకులో అన్నం అలాగే వదిలేసి ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏందట్ట ఉన్నరు? ఎవరికన్నా ఒంట్లో బాలేదా?" కావాలనే అడిగింది.

"ఎవరికీ ఏం కాలే. నువ్వు తిను."

తనకు జ్వరమొచ్చి మూలుగుతున్న రోజున కూడా రెండు పూటలా సుష్టుగా తిన్న మనిషి! ఎవతో అలిగితే అన్నం మానేశాడు. ఆ కనపడని ఆడదాని మీద పద్మప్రియకు పుట్టిన అసూయ అంతా ఇంతా కాదు. ఎలా ఉంటుందో? సన్నగా ఉంటుందేమో. గొంతు మాత్రం తేనె. కోపం తెలియని గొంతు. అలాంటి గొంతు తనకు లేదు.

తెల్లారేసరికి ఆయన మళ్లీ బండ మీదున్నాడు. ఈసారి ఈల వేసుకుంటూ దిగాడు. ఆవిడగారి అలక తీరిందన్నమాట! లుంగీ, చొక్కా కొమ్మకు తగిలించి, డ్రాయరు మీద వాగులోకి దిగి "రాండే, నీళ్లు చల్లగా ఉన్నయి" అని కేకేశాడు.

పద్మప్రియ లుంగీ మడత తడిమింది. ఫోను చేతికి తగిలింది.

"వద్దక్కా," లిఖిత చెయ్యి పట్టుకుంది. "నేరుగా బావనే అడుగు."

"అడిగితే చెప్తడా? ఇది నిజమైతే ఇటు నుంచి ఇటే దుమ్ముగూడెం పోత, అమ్మ దగ్గరికి. ఇంక ఆ గడప తొక్క. సంచి కూడా సర్దిన."

చెల్లెలి చెయ్యి విదిలించుకుని, ముళ్లు గీరుకుంటున్నా ఆగకుండా బండెక్కింది. ఫోనులో పై నుంచి కింది దాకా ఒకటే నంబరు. పేరు లేదు. దాన్నే నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తింది అవతలి మనిషి. కాచుకుని కూర్చుందన్నమాట!

"ఎవతివే నువ్వు? పెళ్లాం పక్కనుండంగనే నా మొగుడితో నీకు మాటలేందే? సిగ్గు లేదా? ఆయన అన్నం మానేసేంత ఏం మందు పెట్టినవే?"

తను తిడుతున్నంతసేపూ అటు నుంచి కూడా ఆగకుండా ఏదో చెబుతూనే ఉంది. ఎంత తెగింపు! చివరికి పద్మప్రియకే ఊపిరి అందక ఆగింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. ఆ తేనె గొంతు, అన్ని తిట్లు పడ్డాక కూడా, రవంత కోపం లేకుండా తీరిగ్గా చెప్పింది:

"తోటలో కరెంటు వచ్చినది. మీ మోటారు నడుస్తున్నది. ఆపుటకు రెండు నొక్కండి."

పద్మప్రియ కింద వాగులో ఈల వేసుకుంటూ ఈదుతున్న మొగుణ్ణి ఒకసారి చూసి, రెండు నొక్కింది.