మెరవని ముక్క

"వీటి మీద మెరిసే ఫిల్మ్ వేయకండి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

స్టిక్కర్ల షాపు యజమాని తలెత్తి చూశాడు. మాసిన చొక్కా, చేతిలో ఖాళీ సంచి. బేరం చేసే వాలకం కాదు.

బల్ల మీద స్కూలు బస్సు వెనక అంటించాల్సిన అక్షరాలు పరిచి ఉన్నాయి. 'పిల్లలు దిగుతారు, ఆగండి.'

పాత అక్షరాలూ షాపాయన వేసినవే. పోయినేడాది ఓ సాయంత్రం, ఆగి ఉన్న ఆ బస్సు వెనకనుంచి ఓ వ్యాను పక్కగా దూసుకొచ్చి, దిగుతున్న పాపను గుద్దేసింది. పాప ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తోంది. అందుకే స్కూలువాళ్లు ఈసారి రెట్టింపు సైజు అక్షరాలు అడిగారు.

ఎండకూ వానకూ పాడవకుండా వాటిపైన పల్చటి ఫిల్మ్ వేయాలి. మెరిసేది గ్లాసీ, మెరవనిది మ్యాట్. ఈయన వేసేది ఎప్పుడూ గ్లాసీయే. ట్యూబ్‌లైటు కింద అద్దంలా మెరిస్తే తప్ప ఆయనకు పని చేసినట్టే ఉండదు.

వచ్చినాయన రెండు రకాల ఫిల్మూ వేసిన అక్షరాల నమూనా ముక్కలు ఒక్కొక్కటి అడిగాడు. పీడ వదిలితే చాలని షాపాయన విసిరినట్టే ఇచ్చాడు. ఆ మనిషి వాటిని బయట నిలిపిన స్కూలు బస్సు వెనక ఆనించి, ఒక్కసారి ఎండలోకి వచ్చి చూడమని బతిమాలాడు.

"మీ పిల్లలెవరైనా ఈ బస్సులో వెళ్తారా?" అడిగాడు షాపాయన.

"లేదండీ."

"పోనీ, బస్సు మీ సొంతమా?"

"కాదు."

"మరి మీకెందుకండీ ఈ గోల? పనీపాటా లేనివాళ్లంతా నాకే తగులుతారేం?"

ఆయన ముఖం చిన్నబోయింది. ముక్కలు రెండూ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

చూసొస్తే మీ సొమ్మేం పోయిందని షాపాయన భార్య గొణిగింది. ఆయన వినిపించుకోకుండా గ్లాసీయే వేసి అంటించాడు.

సాయంత్రం నాలుగింటికి డ్రైవరు బస్సు కోసం వచ్చాడు. ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"వెనక అక్షరాలు ఇంకా వేయలేదా అన్నా?"

షాపాయన విసుక్కుంటూ వచ్చి డ్రైవరు పక్కన నిలబడ్డాడు. వాలిన ఎండ నేరుగా బస్సు వీపు మీద పడుతోంది. ఒక్క అక్షరం లేదు. కళ్లు మూసుకునేంత తెల్లటి మెరుపు.

భార్య ఆ రెండు ముక్కలూ తెచ్చి బస్సుకు ఆనించి పట్టుకుంది. మ్యాట్ ముక్క మీదున్న సగం అక్షరం అంత దూరానికీ తేటగా కనబడింది.

షాపాయనకు తల కొట్టేసినట్టయింది. పొద్దున ఆ మనిషిని అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సందు చివరిదాకా పరుగెత్తాడు. అక్కడెవరూ లేరు.

తిరిగొచ్చి, ఫిల్మ్ ఒక్కటే ఊడి రాదు కాబట్టి, అంటించిన అక్షరాలన్నీ గోళ్లతో పీకడం మొదలుపెట్టాడు. ఆ మనిషి వాలకమంతా చెప్పి, ఎవరో ఏమైనా తెలుసా అని డ్రైవర్ని అడిగాడు.

డ్రైవరు వంగి తనూ ఓ అక్షరం అంచు పీకసాగాడు.

"తెలుసన్నా. మొన్ననే జైలు నుంచి వచ్చాడు. ఎండ మెరుపులో అక్షరాలు కనబడలేదని కోర్టులో ఎంత మొత్తుకున్నా మేమెవ్వరం నమ్మలేదు... ఆ రోజు వ్యాను నడిపింది ఆయనే."