కాలువకు అడ్డం

మున్సిపల్ కౌన్సిల్ హాల్లో నవ్వులు ఆగేదాకా భార్గవి నిలబడే ఉంది.

పుంగనూరు రోడ్డులోని కొత్త కాలనీకి మురుగుకాలువ ఎందుకు ఆగిపోయిందని ఛైర్మన్ హరినాథ్ అడిగితే, ఆమె ఉన్న సంగతి చెప్పింది. చివరి ఇంటి రెడ్డెప్ప పెరట్లో తవ్వనివ్వడం లేదు. ముందు కాలనీకి శ్మశానం ఇస్తేనే కాలువకు ఒప్పుకుంటానంటున్నాడు. నీళ్లడిగేవాళ్లను చూశాం, లైట్లడిగేవాళ్లను చూశాం, పోవడానికి ఇంత తొందరపడేవాణ్ని ఇప్పుడే చూస్తున్నామని ఒక సభ్యుడు అన్నాడు. హాలంతా మళ్లీ నవ్వింది.

రెండువేల సంవత్సరం ఎన్నికల్లో భార్గవి ఆ వార్డుకు కౌన్సిలర్‌గా గెలిచింది. కాలువ వేయిస్తానని చెప్పే ఓట్లడిగింది. కాలనీకి ప్లాను గీసినవాళ్లు ఇళ్లెన్ని పడతాయో చూసుకున్నారు గానీ, ఆ ఇళ్లలో వాడిన నీళ్లు ఎటు పోవాలో చూడలేదు. నేల వాలంతా రెడ్డెప్ప ఇంటివైపే. ఆయన పెరడు దాటితే వంక, వాననీళ్లు పారే వాగు. అందులో కలపడానికి ఇంకో దారి లేదని ఇంజనీరు కొలిచి మరీ చెప్పాడు.

రెడ్డెప్ప ఎవరితోనూ గొడవపడే మనిషి కాదు. మదనపల్లె టమోటా మండీలో కాపలా పని చేసేవాడు. పట్టా చేతికందగానే, రోడ్డూ నీళ్లూ వంక మీద వంతెనా ఏవీ లేకముందే, భార్యతో సహా వచ్చి కాపురం పెట్టాడు. మిగతావాళ్లు వచ్చేసరికి ఒక్కడే ఉన్నాడు. భార్య గోవిందమ్మ ఆ మొదటి వానాకాలంలోనే జ్వరంతో పోయిందట. కుప్పం నుంచి పుట్టింటివాళ్లు వచ్చి శవాన్ని తీసుకుపోయి ఉంటారని కాలనీలో అనుకునేవాళ్లు. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

భార్గవి చాలాసార్లు ఆయన ఇంటికి వెళ్లింది. ఇల్లు ముట్టుకోరని, పెరట్లో ఓ పక్కగా కాస్త చోటిస్తే చాలని నచ్చజెప్పింది.

"కాలువ వొద్దని నేననలేదమ్మా," అన్నాడు రెడ్డెప్ప. "ముందు మనుసుల్ని పెట్టేదానికి చోటు సూపించండి. మళ్ల తవ్వుకోండి."

"ఇప్పుడెవరికి మామా అంత అవసరం?"

ఆయన లేచాడు. పెరటివైపు తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మురుగు పోయే దారి లేక సందుల్లో నిలిచి, కొళాయి గుంతల్లో కలిసింది. ఇంటింటికీ వాంతులు, భేదులు. మూడిళ్ల అవతలి మునీశ్వరి కూతురు, అప్పుడే నడక నేర్చిన పిల్ల, మదనపల్లె ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. పక్క ఊరివాళ్లు తమ శ్మశానంలో కాలనీ పీనుగులను ఎప్పుడూ రానివ్వరు. ఆ తల్లి బిడ్డను చీరకొంగులో చుట్టుకుని, బస్సెక్కి, బైరెడ్డిపల్లె దగ్గరి పుట్టింటికి తీసుకెళ్లి మట్టి చేసి వచ్చింది.

వచ్చిన రోజే ఆమె రెడ్డెప్ప గుమ్మంలో నిలబడింది. భార్గవి వెనకే వెళ్లింది.

"నీ పంతానికి నా బిడ్డ పాయె," అంది మునీశ్వరి. గొంతు పెంచలేదు.

రెడ్డెప్ప గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. అక్కణ్నుంచే అడిగాడు.

"బిడ్డను యాడ పెట్టినారమ్మా?"

ఆమె చెప్పింది. బస్సులో కండక్టరు దగ్గరికి వస్తే, పాప నిద్రపోతాండాదని చెప్పానంది. దారంతా జోకొడతానే ఉన్నానంది. రెడ్డెప్ప తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. ఇప్పుడు మెత్తబడతాడనుకుంది భార్గవి. ఇప్పుడైనా ఒప్పుకోమని అడిగింది. ఆయన తువ్వాలు తీయకుండానే తల అడ్డంగా ఊపాడు.

ఆ క్షణంలో ఆమెకు ఆ మనిషంటే అసహ్యం వేసింది. కాలనీవాళ్లు ఆయనతో మాటలు మానేశారు. కొళాయి దగ్గర ఆయన బిందెను పక్కకు నెట్టేవాళ్లు. భార్గవి చూస్తూ కూడా వద్దనలేదు.

కానీ మునీశ్వరి బస్సు ప్రయాణం ఆమెను వదల్లేదు. తర్వాతి కౌన్సిల్ సమావేశంలో కాలువ ఊసెత్తకుండా ఆ ఒక్క సంగతే చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. హరినాథ్ తలెత్తి ఎవరివైపూ చూడకుండానే తీర్మానం రాయమన్నాడు. బండకొండ కింద అరెకరం బంజరు కాలనీకి శ్మశానమైంది. కొన్నాళ్లకు రెవెన్యూవాళ్లు వచ్చి హద్దురాళ్లు పాతారు.

భార్గవి వెళ్లి చెబితే రెడ్డెప్ప వెంటనే చెప్పులేసుకుని బయల్దేరాడు. ఆ నేలంతా తిరిగాడు. కానుగచెట్టు నీడ పడే చోట కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చాక, పొద్దున తవ్వేవాళ్లను పంపమన్నాడు.

పొద్దున కాంట్రాక్టరు మనుషులు గడ్డపారలతో దిగారు. మునీశ్వరి గోడ అవతల నిలబడి చూస్తోంది. రెడ్డెప్ప అప్పటికే తలస్నానం చేసి ఉతికిన పంచె కట్టుకున్నాడు. చేతిలో పళ్లెం. పళ్లెంలో పసుపు, కుంకుమ, మూర పూలు, మడత విప్పని చీర ఒకటి. మురుగుకాలువకు కూడా భూమిపూజ చేస్తాడా ఈ ముసలాయన అని కూలీలు ముసిముసిగా నవ్వుకున్నారు. పనైనా మొదలవుతోంది, అంతే చాలనుకుంది భార్గవి.

ఒకతను గడ్డపార ఎత్తాడు. రెడ్డెప్ప గబగబా వెళ్లి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"దాంతో వొద్దప్పా, చేతుల్తో మెల్లగా తియ్యండి," అన్నాడు. "మా గోవిందమ్మ ఈడ్నే ఉండాది."